మూడు ఉత్తరాలు

హేథర్‌సేజ్ ఊరి హాల్లో, పింగ్‌పాంగ్ బల్ల మీద
బెరిల్ పటం పరిచింది.
ఒక మూల టీ కప్పు, ఒక మూల తాళాలు,
ఇంకో మూల నా మోచెయ్యి.
నాలుగో మూల మాట వినలేదు,
ఏళ్ళ తరబడి అలవాటైన మడత, దాని మొండితనం దానిది.

"చెయ్యి ఇలా తే" అంది.
నా పిడికిలి కణుపుల మీద
నీలం బాల్‌పెన్నుతో గీసింది.
చిన్న వలయం చుట్టూ పెద్దది, దాని చుట్టూ ఇంకా పెద్దది,
గరిటె అడుగుతో దోసె పిండి తిప్పినట్టు.
"ఇవి కొండలు. ఇప్పుడు చెయ్యి తెరువు."
తెరిచాను.
కొండలు చదునుగా పడుకున్నాయి. గీతలు మిగిలాయి.
"పటమంటే ఇదే.
నీ పనల్లా మళ్ళీ పిడికిలి బిగించడం."

ఆ రాత్రి షెఫీల్డ్ ఆసుపత్రి ల్యాబ్‌లో
గ్లవ్స్ తొడుక్కోబోతూ ఆగి
నాలుగు కొండల్నీ సబ్బుతో రుద్దాను.
చూపుడువేలి కొండ రెండ్రోజులు పోలేదు.

బెరిల్ రిటైరైన పోస్టావిడ.
ముప్పై ఒక్కేళ్ళు ఈ లోయల్లో సంచి మోసింది.
ఏ గేటు లోపలికి తెరుచుకుంటుందో,
ఏ కుక్క ఉత్తుత్తినే మొరుగుతుందో
పటంలో ఉండదు, ఆమె మోకాళ్ళలో ఉంది.
రెండో శనివారం పటం అంచున బాణాలు చూపించి
మూడు ఉత్తరాలుంటాయంది:
భూమిది ఒకటి, గళ్ళది ఒకటి, సూదిది ఒకటి.
సూదిది మరీ నిలకడలేనిది,
ఏటా కాస్త జరుగుతుందట.
నాకు నవ్వొచ్చింది. ఎందుకంది.
మా భాషలో ఆ దిక్కుకీ జాబుకీ ఒకటే మాటన్నాను.
ఆమె కప్పు దించి కాసేపు లెక్కేసుకుని
"అయితే ఇన్నాళ్ళూ నేను మోసింది దిక్కునా?
నడుం ఊరికే పోలేదు!" అంది.

ఇంకో అర్థం కూడా ఉంది,
ప్రశ్నకి బదులుగా వచ్చేది.
చెప్పబోయేలోపు ఎవరో హాలు తలుపు తీశారు, గాలి,
పటం ఎగిరింది, అందరం దాని వెంట పడ్డాం.

ఉత్తరానికి తల పెట్టకు అని అమ్మమ్మ
నా చేత మంచం తిప్పించేది.
పటాలన్నీ అటే తల పెట్టి పడుకుంటాయి.
నేనూ వాటిని కదిపేదాన్ని కాదు,
పేర్లు తలకిందులవుతాయని.
బెరిల్ లాక్కుని గిర్రున తిప్పింది:
"నేల ఎటుంటే అటు. పేర్లు తలకిందులైతే అవనీ.
నువ్వు నడిచేది పేర్ల మీదా?"

ఇప్పుడామె హాల్లో కెటిల్ దగ్గరే ఉంటుంది.
కొండ మీదకి నేను తీసుకెళ్తాను.
పోయిన ఆదివారం ఐదుగురు.
ఒమిద్ రోథర్‌హామ్‌లో జుట్టు కత్తిరిస్తాడు,
అతని పిడికిలి మీద వెంట్రుకలకి పెన్ను సాగలేదు.
"గీతలు దగ్గరైతే నిటారు, దూరమైతే వాలు" అంటే
"చెవి మీద రెండో నంబరు, నడినెత్తిన నాలుగు" అన్నాడు.
అబెనా పగలబడి నవ్వింది.

తర్వాత మంచు దిగింది.
ముందు గొర్రెలు పోయాయి, తర్వాత గోడ,
తర్వాత నా బూట్లు.
"ఈ గోడే ఆ గోడ" అన్నాను, వేలు పెట్టి.
"ఆ గోడ ఎడమకి తిరగాలిగా, ఇది తిరగలేదు" అన్నాడు ఒమిద్.
పటం పాతది అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.
పటానికీ నేలకీ తగవొస్తే నేలదే గెలుపని
పొద్దున వీళ్ళకి చెప్పింది నేనే.

ఐదుగురు తడిసిన మనుషుల ముందు
"ఎక్కడున్నామో నాకు తెలీదు" అనడానికి
ఎంతసేపు పట్టిందో.
అన్నాక తేలికైంది.
బురదగడ్డిలో కూర్చున్నాం, ఫ్లాస్కు తిప్పాం.
ఖాయంగా తెలిసిన ఆఖరి చోటు ఏది?
నీలం తాడు కట్టిన గేటు. అక్కణ్ణించి ఎన్ని అడుగులు?
ఎవరూ లెక్కపెట్టలేదు. అబెనా పెట్టింది.

ఒమిద్ కళ్ళు మూసుకుని విన్నాడు. కుడివైపు నీళ్ళు.
పిడికిలి బిగించి, రెండు కణుపుల మధ్య పల్లాన్ని చూసుకుని
తడి బొటనవేలు పటం మీద ఆనించాడు,
నా వేలికి ఒక లోయ ఇవతల.

"ఉత్తరం" అన్నాను, తెలుగులో.
ఏమన్నావని అడిగాడు.
చెప్పేలోపే అబెనా బ్యాగు తగిలించుకుని
నీళ్ళ చప్పుడు వైపు నడుస్తోంది.